అతుకు మీద పూసలు

అవ్వ ఇనుప సందుగ మూత ఎత్తగానే ముందు డాంబరు గోలీల ఘాటు, దాని వెనకే పొడిపొడిగా రాలిన వేపాకు చేదు, అన్నిటికీ అడుగున, ఎన్నిసార్లు ఉతికినా మా బొగ్గు బాయిల కాలనీ బట్టలను వదలని మసి వాసన, ఒకదాని తర్వాత ఒకటి ముక్కుకు తగిలాయి. అవ్వ అంటే మా అమ్మ, పోయిన చలికాలంలో చనిపోయింది. దినాలు అయిపోయాక అన్న తాళంచెవి నా చేతిలో పెట్టి, సందుగ నువ్వే సదురు అని చెప్పి బయటికి వెళ్లిపోయాడు. రెండు పట్టు చీరలు, బాపు పని మానేసిన రోజు కప్పిన శాలువా, మూత విరిగిన కుంకుమ భరిణె, వాటి కింద పాత ధోవతిలో చుట్టి నాలుగు మడతలు పెట్టిన బొంత. నలభై నాలుగేళ్ల కిందటిది. ఒక్క రోజు, ఆ రోజులోనూ ఒక్క గడియ మాత్రమే పరిచిన బొంత, అందుకే రంగులు నిన్న కుట్టినట్టే ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

చిన్ననాటి ముచ్చట అనగానే కళ్లు చెమ్మగిల్లే వాళ్లంటే నాకు మొదటి నుంచీ పడదు. వాళ్ల బాల్యంలో అందరూ దేవతలే, అందరి చేతి వంటా అమృతమే, ఏ ఇంట్లోనూ ఎవరూ ఎవరి గొంతూ పిసకలేదు. మా ఇల్లు అట్లాంటిది కాదు. ఈ బొంత వల్ల ఒక మనిషి మీద లేని నింద వేసి మా ఇంటి నుంచి పంపించేశారు. ఆ నింద నాది. చేసింది నేను, తొమ్మిదేళ్ల దాన్ని, తెలిసి దాచింది మా అవ్వ. చెప్పాల్సింది ఇంతే గానీ, ఎట్లా జరిగిందో చెప్పకపోతే ఎవరూ నమ్మరు.

గోదావరి ఒడ్డున బొగ్గు బాయిల కోసం కంపెనీ కట్టిన కాలనీలో రెండు గదుల క్వార్టరు మాది. అందులో మేం ఏడుగురం. బాపు, అవ్వ, అన్న, నేను, బాపు తమ్ముడైన చిన్నబాపు, ఆయన పెళ్లాం చిన్నమ్మ, వీళ్లందరి మీద పెత్తనం చేసే బాపు తల్లి, మా బాపమ్మ. అన్నదమ్ములిద్దరూ ఒకే బాయిలో దిగేవాళ్లు, ఒకే సైకిల్ మీద పోయేవాళ్లు, పని దిగి వచ్చాక ఒకే గంగాళంలో నీళ్లు తోడుకుని మసి కడుక్కునేవాళ్లు. వాళ్ల మధ్య ఒక్క మాట తేడా రాలేదు. వాళ్ల పెళ్లాల మధ్య మాత్రం ఆరేళ్లుగా మాటే లేదు.

అవ్వ పుట్టిల్లు వేములవాడ దగ్గర, చిన్నమ్మది మహారాష్ట్ర సరిహద్దులోని భైంసా. చిన్నమ్మ కాపురానికి వచ్చిన మూడో రోజు, అవ్వ చేసిన పచ్చిపులుసు ఒక ముద్ద కలుపుకుని, "మా దిక్కు పులుసుల గిన్ని నీళ్లు పొయ్యరు" అన్నదట. అంతే. అవ్వ ఆ మాటను గుండెలో దాచుకుని ఆరేళ్లు పెంచింది. ఒకే పొయ్యి దగ్గర వండుతూ, ఒకే నల్లా దగ్గర బిందెలు పట్టుకుంటూ, ఏదైనా చెప్పుకోవలసి వస్తే ఇద్దరూ నన్ను పిలిచేవాళ్లు. "నీ చిన్నమ్మకు చెప్పు, ఉప్పు అయిపోయిందని" అని అవ్వ, మూడడుగుల దూరంలో కూర్చుని అంతా వింటున్న చిన్నమ్మ వైపు నన్ను నెట్టేది. "మీ అవ్వకు చెప్పు, ఇన్న అని" అని చిన్నమ్మ నన్నే వెనక్కి పంపేది. నేను అవ్వ మనిషిని, అందులో సందేహం లేదు. చిన్నమ్మ పక్కన పెట్టిన గ్లాసులో నీళ్లు కూడా తాగేదాన్ని కాదు. ఆమె నన్ను రాజీ అని కాకుండా, వాళ్ల మరాఠీ వాసనతో రాజూ అని పిలిస్తే పలికేదాన్ని కాదు. పిల్లలకు పగలు ఉండవని ఎవరన్నారో గానీ, వాళ్లకు పిల్లలు లేరేమో.

చిన్నమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానులో ఒక బొంత ఉండేది. ఆమె దాన్ని గోధడి అనేది, అవ్వ పనిగట్టుకుని, ఆమెకు వినపడేట్టు, బొంత అనేది. మా వైపు బొంత అంటే పాత చీరలు నాలుగు పొరలు వేసి పైనుంచి కిందికి గీతలు గీసినట్టు కుట్లు వేయడమే, అందం సందం ఏమీ ఉండదు, చలికి కప్పుకోవడానికి. చిన్నమ్మ బొంత వేరు. అందులో ముక్కలు ఒక కొలతకు కత్తిరించినవి కావు. రవిక మూల ఒకటి, చీర కొంగు చింపు ఒకటి, దర్జీ దగ్గర ఏరుకున్న కొసలు, ఏ ముక్క ఎట్లా ఉంటే అట్లా, వంకరకు వంకర కలిపి అతికినవి. ఆ అతుకులు దాచకుండా వాటి మీదే సింగారమంతా చేసేవాళ్లు. ఒక అతుకు మీద గొలుసు కుట్టు, ఒకదాని మీద కోడి నడిచిపోయినట్టు మూడు మూడు గీతల కుట్టు, దాన్ని చిన్నమ్మ కోడికాళ్ల కుట్టు అనేది, ఇంకొకదాని మీద జడ రిబ్బను మడిచి పెట్టి అంచుల వెంట ముడి కుట్లు, మూల మూలకు చెమ్కీలు, పూసలు. ఎండకు వేస్తే కాలనీ ఆడవాళ్లు వచ్చి చేత్తో తడిమి చూసిపోయేవాళ్లు. ఆ రోజుల్లో అవ్వ మధ్యాహ్నం అన్నం తినేది కాదు.

మా మేనత్త కడుపుతో ఉందని, ఏడో నెలలో పురిటికి తీసుకొస్తున్నామని తెలిసిన రోజు బాపమ్మ హుకుం జారీ చేసింది. "నా బిడ్డ కొడుక్కు గసొంటి బొంతనే గావాలె. ఇద్దరు కోడండ్లు చెరి సగం గుడ్డలియ్యిర్రి, ఇద్దరు కుట్టుర్రి." పుట్టేది కొడుకేనని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. కాదనడానికి ఇద్దరికీ దమ్ము లేదు. అవ్వ తన పెళ్లినాటి నెమలిపింఛం రంగు చీరను చింపింది, అది చింపేటప్పుడు వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. చిన్నమ్మ ఎర్ర పట్టు రవిక, పసుపు పచ్చని చీర, ఇంకేవో కొసలు తెచ్చి పెట్టింది. ముక్కలు పరిచి బాపమ్మ చిటికె కుట్లతో అతికింది. ఇక అతుకుల మీద సింగారం మిగిలింది.

అక్కడే తగువు మొదలైంది. అవ్వ ముక్కకూ అవ్వ ముక్కకూ నడుమ అతుకు అవ్వ కుట్టుకుంటుంది, చిన్నమ్మవి చిన్నమ్మ కుట్టుకుంటుంది, మరి అవ్వ ముక్కకూ చిన్నమ్మ ముక్కకూ నడుమ ఉన్న అతుకు ఎవరిది? చిన్నమ్మ సూది తన పెళ్లి చీరలో దిగడానికి వీల్లేదని అవ్వ. ఆ మొద్దు కుట్లు తన పట్టు రవిక మీద పడితే చూడలేనని చిన్నమ్మ. ఒకరోజు చిన్నమ్మ ఒక అతుకు మీద గొలుసు కుట్టు వేస్తే, తెల్లవారి చూసేసరికి అవ్వ దాన్ని దారం దారం విప్పేసింది. మర్నాడు అవ్వ వేసిన కుట్టు విప్పి ఉంది. బాపమ్మ కండ్లకు పువ్వు పడి సగమే కనిపించేది గానీ విప్పిన దారాలు చేతికి తగిలాయి. ఆమె నన్ను పిలిచి నా చేతిలో పెద్ద సూది పెట్టింది. "గీ నడుమ అతుకులన్ని నువ్వే కుట్టు బిడ్డా. నువ్వు ఇద్దరికి బిడ్డవే." నేను ఇద్దరి బిడ్డను కానని నాకు తెలుసు, చిన్నమ్మకు ఇంకా బాగా తెలుసు. పెళ్లై ఆరేళ్లయినా ఆమె కడుపు పండలేదు.

ఆ వానాకాలమంతా నేను ఆ అతుకుల మీదే కూర్చున్నాను. బడి వదలగానే వచ్చి, ఉడికించిన శనగల గుడాలు గిన్నెలో వేసుకుని, కారే రేకుల కింద గిన్నెలు పెట్టిన వరండాలో, వాన నీళ్లు బొగ్గు ధూళిలో కలిసి నల్లటి పాయలుగా మోరీలోకి పోతుంటే చూస్తూ, అరచేయంత ముక్కల అంచుల వెంట దారం గుంజేదాన్ని. తోటి పిల్లలు వాన వెలవగానే తొక్కుడుబిళ్ల గళ్లు గీసి అరుస్తుంటే ఒక కాలు వరండా మెట్టు మీద, ఒక కాలు బొంత మీద పెట్టుకుని చూస్తూ కుళ్లుకునేదాన్ని. కుట్టు నాకు ఎవరూ నేర్పలేదు. అవ్వకు రాదు. వచ్చిన మనిషిని అడిగితే అవ్వకు ద్రోహం చేసినట్టు. అందుకని తలుపు చాటున నిలబడి చిన్నమ్మ చేతిని చూసేదాన్ని. ఆమె బొటనవేలితో దారాన్ని పక్కకు తోసి పట్టి, సూదిని దాని మీదుగా పైకి లేపి, తల వంచి పంటితో దారం తుంచేది. నేను వరండాలోకి వచ్చి అచ్చం అట్లాగే చేసేదాన్ని. నెల తిరిగేసరికి నా కోడికాళ్ల కుట్టుకూ ఆమె కుట్టుకూ తేడా పట్టడం కష్టం. ఆమెను ఎంత అసహ్యించుకున్నానో అంత శ్రద్ధగా ఆమె చేతిని దొంగిలించాను. ఆమె నా కుట్టు చూసి ఒక్కసారి ఏదో అనబోయి ఆగింది. నేను బొంత మడిచి దాచుకున్నాను.

పూసల ఆలోచన నాదే. ఆ ఏడు శివరాత్రి జాతరకు బాపు నన్ను వేములవాడ తీసుకుపోయి, గుడి ముందు గుడ్డ పరిచి అమ్మే పూసలామె దగ్గర నీలం గాజు పూసల దండ కొనిచ్చాడు. ఆ దండ తెంపి, అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న అతుకు మీద, అవ్వ నెమలిపింఛం ముక్కకూ చిన్నమ్మ ఎర్ర రవికకూ నడుమ, ఆ పూసలు వరసగా కుట్టాలనుకున్నాను. పూసలన్నీ అవ్వ వైపే రావాలి, చిన్నమ్మ వైపు ఒక్కటి కూడా పడకూడదు, అదీ నా పంతం. కానీ ఆ పూసల బెజ్జాలు ఎంత సన్నగా ఉన్నాయంటే బాపమ్మ ఇచ్చిన సూది మొన కూడా దూరలేదు. దూరే సూది ఇంట్లో ఒక్కటే ఉంది. వెంట్రుకంత సన్నగా, వేలెడు పొడుగుతో, చిన్నమ్మ తన తల్లి దగ్గర నుంచి తెచ్చుకుని, తగరపు డబ్బీలో మెత్తటి గుడ్డకు గుచ్చి దాచుకున్న పూసల సూది. కాలనీలో ఎవరు అడిగినా ఇచ్చేది కాదు.

చిన్నమ్మ నల్లా దగ్గరికి పోయినప్పుడు తీశాను. పది పూసల దాకా హాయిగా నడిచింది. నాలుగు ముక్కలు కలిసే మూల దగ్గర, రిబ్బను మడత మీద మడత పడి గుడ్డ చెక్కలాగా అయిన చోట సూది ఆగిపోయింది. స్టీలు గ్లాసు అడుగుతో దాని తల మీద నొక్కాను. టప్పుమని విరిగింది. బెజ్జం ఉన్న సగం నా వేళ్లలో ఉంది, మొన ఉన్న సగం గుడ్డ పొరల్లోకి పోయింది. ఒత్తి చూశాను, పిసికి చూశాను, ఎక్కడా తగలలేదు. పొరల నడుమ ఉండిపోతుందిలే, ఎవరికి తెలుస్తుంది అనుకుని, ఆ చోట ఇంకో వరస దారాలు దట్టంగా పెనవేసి మూసేశాను. బెజ్జం సగాన్ని నా బడి సంచిలో, పాత పౌడరు డబ్బా మూతలో దాచాను. చెప్తే తన్నులు పడతాయని కాదు, తన్నులకు నేనెప్పుడూ భయపడలేదు. చెప్తే అవ్వ చిన్నమ్మ ముందు తల దించుకోవాలి. అది నేను ఊహించలేకపోయాను.

ఆ సాయంత్రమే చిన్నమ్మ డబ్బీ తెరిచి చూసుకుంది. ఆరేళ్లలో మొదటిసారి నన్ను నడుమ పెట్టకుండా నేరుగా అవ్వ ముందుకు వచ్చి నిలబడింది.

"నా సూదేది?"

"నీ సూది నాకెందుకు?" అన్నది అవ్వ, బియ్యం చాటలో నుంచి తల ఎత్తకుండా. "నాకు సూది వట్టుడే రాదని నువ్వే అంటివి గద."

అది నిజమే కాబట్టి చిన్నమ్మ వెనక్కి తిరిగి బాపమ్మ దగ్గరికి పోయింది. బాపమ్మ ఇల్లంతా ఊడిపించింది. మా ఇంట్లో సూది పోయిందంటే అది దొరికేదాకా ఎవరూ నేల మీద కూర్చోకూడదు, అది బాపమ్మ కట్టడి. ఇంట్లో అందరం నిలబడే అన్నాలు తిన్నాం. ఆఖరికి ఊడ్పులో పోయి ఉంటుందని తేల్చి బాపమ్మ తన కట్టడి తానే ఎత్తేసింది. చిన్నమ్మ మాత్రం రెండు రోజులు నిలబడే తిన్నది.

మేనత్తకు భాద్రపదంలో నిజంగానే కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెల, పిల్లగాణ్ని ఉయ్యాలలో వేసే పండుగ. పెద్దల అమావాస్య, పెత్రమాస, ఇంకా నాలుగు రోజులుందనగా వచ్చింది, కాలనీ అంతా బంతిపూల వాసన, ప్రతి ఇంటి ముందూ అలుకు, మా వాకిట్లో కాలనీ ఆడవాళ్లు ముప్పై మంది దాకా చాపల మీద కూర్చున్నారు. ముందు రోజు బొంతను ఉతికి, దులిపి, ఎండేశారు. అది చూడగానే ఆడవాళ్లంతా అబ్బ అన్నారు, నీలం పూసల అతుకు ఎవరిదని అడిగారు, బాపమ్మ నన్ను చూపించింది. నాకు గర్వంతో ఒళ్లు పొంగింది, సూది సంగతి మరిచేపోయాను. పిల్లగాణ్ని ఆ బొంత మీద పండబెట్టి, పెద్దవాళ్లు ఒక్కొక్కరే వంగి పసుపు బొట్టు పెడుతున్నారు. ఒక గడియ గడిచిందో లేదో వాడు గుక్కపట్టాడు. ఆకలి ఏడుపు కాదు అది. మేనత్త ఎత్తుకుని చూస్తే తొడ వెనక రక్తపు బొట్టు, అందులో గుచ్చుకుని సన్నగా మెరుస్తూ మొన.

బాపు వాణ్ని ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తాడు. సూది మందు వేశారు, వాడికి ఏమీ కాలేదు. కానీ వాకిట్లో ముప్పై మంది ఆడవాళ్లు ఉన్నారు, వాళ్ల నడుమ బాపమ్మ అరచేతిలో ఆ మొన ఉంది, అంత సన్నటి సూది ఎవరిదో వాళ్లందరికీ తెలుసు.

చిన్నమ్మ బొంత దగ్గర కూర్చుని అతుకు తడిమి, దట్టంగా పెనవేసిన దారాల దగ్గర ఆగింది.

"గిది గుచ్చుకున్న అతుకు నాది గాదు. గీ పోరి కుట్టింది. గీ పోరినే అడుగుర్రి."

నేను అడ్డంగా తల ఊపాను. నా సూది ఇదీ అని బాపమ్మ ఇచ్చిన పెద్ద సూదిని చూపించాను. అవ్వ అంత పెద్ద గొంతు పెట్టడం నేను అంతకు ముందు వినలేదు. "నా బిడ్డ మీద వెడ్తున్నవా? దాని సంచి, దాని గుడ్డలు అన్ని జూస్త, రా." అని తానే లోపలికి పోయి నా బడి సంచి తెచ్చి, గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి లోపల పెట్టింది. పలక తీసింది, పుస్తకాలు తీసింది. పౌడరు డబ్బా మూత దగ్గర ఆమె వేళ్లు ఆగాయి. నేను చూస్తున్నాను. అవ్వ సంచిలోకి చూసి, తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. సంచిలో నుంచి చెయ్యి పిడికిలి బిగించి తీసి, కొంగు సర్దుకుంది.

"పోరి సంచిల ఏం లేదు" అన్నది.

ఆ తర్వాత అవ్వ మాట్లాడిన మాటలు ఎవరు నేర్పారో నాకు తెలియదు, అంత తీరుగా వచ్చాయి. సూది పోయిందని నెల కిందటే ఎందుకు అంత లొల్లి చేసింది? ఇవ్వాళ దొరికితే తన మీదికి రావద్దనే కదా, ముందే దొంగ ఏడుపు ఏడ్చి పెట్టుకుంది. తన కడుపు పండలేదని పక్కదాని కడుపు చూసి మండిపోయింది. వాకిట్లోని ఆడవాళ్లు ఒకరిద్దరు తమ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. బాపమ్మ అన్నది ఒక్కటే మాట. "చిన్నదానా, ఇగ నా మన్మణ్ని ముట్టకు."

చిన్నమ్మ ఏడవలేదు. ప్రమాణాలు చేయలేదు. చిన్నబాపు మధ్యాహ్నం పని దిగి వచ్చేసరికి ఇద్దరి బట్టలూ మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. గది దొరకడానికి నాలుగు రోజులు పట్టింది, పెత్రమాస పొద్దున అవతలి బాయి కాలనీలో ఎవరో ఇచ్చిన ఒక గదికి వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. చిన్నబాపు సైకిలు మా బాపుకే వదిలేసి నడిచిపోయాడు. మేనత్త ఆ బొంతను తీసుకుపోనన్నది, సూది దొరికిన బొంత పిల్లలకు పనికిరాదని బాపమ్మ అటక మీద వేయించింది. ఆ సాయంత్రం నేను సంచి వెతుక్కుంటే పౌడరు డబ్బా మూత ఉంది, అందులో సూది సగం లేదు.

సద్దుల బతుకమ్మ నాడు అవ్వ మలీద ముద్దలు కట్టింది. అన్నకు ఒకటి పెట్టింది. నాకు రెండు పెట్టి, రెండో దాని మీద చారెడు నెయ్యి వేసి, నా తల నిమిరి పొయ్యి దగ్గరికి పోయింది. తొమ్మిదేళ్ల పిల్లకు తెలియని సంగతులు చాలా ఉంటాయి గానీ, ఆ రెండో ముద్ద దేనికో నాకు తెలిసింది. తెలిసీ తిన్నాను. రొట్టె, బెల్లం, నెయ్యి, చాలా రుచిగా ఉంది. అది నేను నన్ను క్షమించుకోలేని సంగతుల్లో మొదటిది.

తొట్టెల నాటి సూది మాట చిన్నమ్మ కన్నా ముందే అవతలి కాలనీకి చేరింది. ఆమెను ఏ తొట్టెలకూ పిలవలేదు, ఏ పురిటింటికీ రానివ్వలేదు. తర్వాత కూడా ఆమెకు పిల్లలు పుట్టలేదు, అది కూడా దాని ఫలమే అన్నారు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి చెప్పాలని అవ్వ దగ్గరికి పోయాను. "అవ్వా, గా సూది" అన్నానో లేదో, "పోయి బర్రెకు నీళ్లు వెట్టు" అన్నది. మాకు బర్రె లేదు. ఇంకెప్పుడూ అడగలేదు. ఇద్దరం ఒకరికొకరం బాగా తెలిసిన దొంగల్లాగా, ఒకరినొకరం బాగా చూసుకుంటూ నలభై నాలుగేళ్లు గడిపాం. జనం మమ్మల్ని చూసి తల్లీబిడ్డలంటే వాళ్లే అనేవాళ్లు.

ఇప్పుడు సందుగలో నుంచి తీసిన బొంతను మంచం మీద పరిచి, నీలం పూసల అతుకు వెంట చెయ్యి పోనిచ్చాను. మూల దగ్గర, నేను పెనవేసిన దారాల పక్కన నాది కాని కుట్టు ఒకటి తగిలింది. లావు నల్ల దారం, ఎగుడుదిగుడు మొద్దు కుట్టు. అది అవ్వ చేతిదని ఎక్కడున్నా గుర్తుపడతాను. అది విప్పితే లోపల చింకి గుడ్డలో చుట్టి సూది సగం, బెజ్జం వైపుది, తుప్పు పట్టి ఉంది. పారేస్తే పోయేదాన్ని ఎందుకు దాచిందో నాకు తెలియదు. భయమో, పశ్చాత్తాపమో, నా మీద ఎప్పటికైనా అక్కరకొస్తుందనో. చచ్చిపోయిన తల్లి గురించి మంచి మాటే అనుకోవాలంటారు. నాకు ఆ ఓపిక లేదు.

మర్నాడే బొంతా సూదీ సంచిలో పెట్టుకుని భైంసా బస్సు ఎక్కాను. చిన్నబాపు పోయి ఏడేళ్లయింది. చిన్నమ్మ తన అన్న కొడుకు ఇంటి వెనక ఒక గదిలో ఉంటుంది, పత్తి సీజను కాబట్టి ఆ వీధి అంతా బండ్లు, గాలిలో దూది పోగులు, గుమ్మం దాకా వచ్చి పడుతున్నాయి. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. నేను నిలబడే బొంత ఆమె మంచం మీద పరిచాను. అద్దాలు పెట్టుకుని వంగి, వేలితో అతుకులన్నీ తడిమింది.

"కోడికాళ్ల కుట్టు నా చేతిదే. నువ్వు తలుపు చాటుకెల్లి జూస్తుంటివి."

"సూది నేనే తీసిన చిన్నమ్మా. నా చేతిలనే ఇరిగింది. అవ్వకు ఎరుకే."

నేను ఈ మాట నలభై నాలుగేళ్లు నోట్లో నానబెట్టుకున్నాను. చెప్పాక ఆమె ఏడుస్తుందనో, నన్ను కొడుతుందనో, ఆఖరికి పోనీలే బిడ్డా అంటుందనో అనుకున్నాను. ఆమె అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నాకెందుకు చెప్తున్నవ్? నేను వెట్టలేదని నాకు ఎరుక లేదా?"

నేను బొంత మూల సర్దుతూ నిలబడ్డాను.

"ఆ దినం వాకిట్ల ముప్పై మంది ఉండిరి. నీ బాపమ్మ ఉండె, నీ మేనత్త ఉండె. వాళ్లకు చెప్పినవా? మీ అవ్వ ఉండంగ చెప్తే మీ అవ్వకు తక్కువైతదని చెప్పకపోతివి. గిప్పుడు నా చెవుల ఏస్తే నాకేమన్న ఎక్కువైతదా? పోయి వాళ్లకు చెప్పు."

తర్వాత చెయ్యి చాపింది. "నా సూది ఇయ్యి."

తుప్పు పట్టిన ఆ సగాన్ని ఆమె అరచేతిలో పెట్టాను. దాన్ని దగ్గరగా పట్టుకుని చూసి, తలగడ కింద నుంచి తగరపు డబ్బీ తీసి, అదే డబ్బీ, అందులోని గుడ్డకు గుచ్చి మూత పెట్టింది. బొంతను మడిచి నా సంచిలో తానే కుక్కింది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నేను గడప దాటుతుంటే వెనక నుంచి, "బస్సు నాలుగింటికి ఉంటది" అన్నది.

చెప్దామనే తిరిగాను. బాపమ్మ పోయి ముప్పై ఏళ్లు. బాపు, చిన్నబాపు పోయారు. మేనత్తకు కరీంనగర్ ఫోను చేస్తే, "గవన్ని గిప్పుడెందుకే, నాకు బీపీ ఉన్నది" అని పెట్టేసింది. ఆమె కొడుకుకు తన తొడ మీద సూది గుచ్చుకున్నట్టే తెలియదు. మా కాలనీ ఉన్న చోట ఇప్పుడు బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్టు గుంత, మా వాకిలి ఎక్కడుండేదో చూపించడానికి నేల కూడా లేదు. ఆ ఆడవాళ్లు మొగుళ్లు పని దిగిపోయాక తలో ఊరికి వెళ్లిపోయారు, సగం మంది చచ్చిపోయి ఉంటారు. చిన్ననాటి వస్తువులు పోయాయని, రుచులు పోయాయని అందరూ రాస్తారు. నా దగ్గర బొంత ఉంది, పూసలున్నాయి, మలీద చేయడం కూడా వచ్చు. నేను చెప్తే వినాల్సిన వాళ్లు పోయారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు తొట్టెలకు మా వాకిట్లో కూర్చున్న వాళ్లలో ఎవరైనా, వాళ్ల బిడ్డలైనా, కోడండ్లైనా ఇది చదువుతుంటే వినండి. పిల్లగాని బొంతలో సూది పెట్టింది మా చిన్నమ్మ కాదు. నేను.